మోన్సె థర్మామీటరు

పెన్యా రోసా ఊళ్లో మగవాళ్లు దేనికీ బెదరరని చుట్టుపక్కల కొండల్లో పేరు. పెద్ద తుఫానొచ్చి ఇళ్ల రేకులు గాల్లో ఎగురుతుంటే, ఎగరకుండా మిగిలిన ఒక్క రేకు కింద కూచుని డామినోలాట పూర్తిచేసిన మనుషులు వాళ్లు. అలాంటివాళ్లంతా ఏడాదికో రోజు, ఫిబ్రవరిలో పరుగు పందెం జరిగే ఆదివారం నాడు, ఒక పొట్టి ఆడమనిషిని చూసి పక్కసందులోంచి జారుకునేవాళ్లు.

ఆవిడ పేరు మోన్సెర్రాతె ఫెలిసియానో. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి మోన్సె. యాభై నాలుగేళ్లు. గుర్రాల డాక్టరు దోన్ క్రిస్పీన్ దగ్గర ముప్ఫై అయిదేళ్లుగా పనిచేస్తోంది. పందెం రోజు ముగింపు గీత దాటగానే కుడిచేతి పక్కన కనిపించే నీలం టార్పాలిన్ గుడారం ఆవిడది. పరిగెత్తి పరిగెత్తి కూలిపోయినవాళ్లని మోసుకొచ్చేది అక్కడికే. లోపల గుర్రాలు నీళ్లు తాగే పొడుగాటి రేకు తొట్టి ఒకటి, దాన్నిండా నీళ్లూ ఐసుగడ్డలూ. ఆ తొట్టికెవరూ భయపడరు. భయమంతా ఆవిడ జేబులో ఉండే థర్మామీటరుతోనే. అది నోట్లో పెట్టేది కాదు.

"చంకలో పెట్టకూడదా అక్కా?" అని అడిగేవాళ్లు కాస్త మర్యాదస్తులు.

"నీ చంక మీద ఇప్పుడే బకెట్టు నీళ్లు పోశారు. అదేం చెబుతుంది?"

"పోనీ నోట్లో?"

"ఇరవయ్యొక్క కిలోమీటర్లు నోరు తెరుచుకుని గాలి మింగుతూ వచ్చావు. ఆ నోటి మాట నేనెందుకు నమ్మాలి? ఒంట్లో అసలు వేడి ఎంతుందో తెలియాలంటే పెట్టే చోటే పెట్టాలి. గుర్రానికైనా అంతే, నీకైనా అంతే. గుర్రమైతే ఇంత గొడవ చెయ్యదు."

ఆవిడకి ఈ విద్య బళ్లో అబ్బలేదు. తండ్రి చెరకు కోతలయ్యాక మిగిలిన నెలలు పందెపు గుర్రాలశాలలో కడిగే పని చేసేవాడు. మోన్సె నడక నేర్చింది గడ్డిమోపుల మధ్య. పంతొమ్మిదో ఏట దోన్ క్రిస్పీన్ దగ్గర సీసాలు కడగడానికి చేరింది. చేరిన రెండో నెలలో, మండుటెండలో పరిగెత్తి వచ్చిన ఒక ఆడగుర్రం కాళ్లు తడబడి కూలిపోయింది. యజమాని ఏడుస్తూ లారీ తెప్పించాడు, పట్నం తీసుకుపోదామని. దోన్ క్రిస్పీన్ వెళ్లి ఆ లారీకి అడ్డంగా నిలబడ్డాడు. "ముందు చల్లార్చాలి. లారీ సంగతి తర్వాత," అన్నాడు. మోన్సె నూతిలోంచి నీళ్లు తోడి తోడి అరచేతులు బొబ్బలెక్కించుకుంది. గంట తిరక్కుండా గుర్రం లేచి నిలబడి, పక్కనున్న యజమాని టోపీ కొరికింది.

పదకొండేళ్ల కిందట ఇదే పందెంలో లెక్కల మాస్టారు కూలిపోయినప్పుడు మోన్సె రోడ్డుపక్కన జనంలో ఉంది. ఆయన్ని వ్యాను ఎక్కించి, మలుపులు మలుపులుగా నలభై నిమిషాలు కిందికి తీసుకెళ్లారు. అప్పట్లో ఎవరికైనా తెలిసింది అదే. ఆయన తిరిగి రాలేదు. మోన్సెకి ఆ రాత్రే కాదు, ఆ నెలంతా నిద్ర సరిగా పట్టలేదు. ఆడగుర్రానికి చేసింది మాస్టారికి చెయ్యలేకపోయామే అన్నది ఆవిడ బాధ. పట్నంలో డాక్టర్లని వెతుక్కుంటూ పోయి అడిగింది. పుస్తకాలు అరువు తెచ్చుకుంది. అర్థంకాని మాటల కింద పెన్సిలు గీత గీసి, దోన్ క్రిస్పీన్ భోజనం చేస్తుంటే పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెప్పించుకుంది. ఎండదెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడే, తగిలిన నిమిషంలోనే చల్లార్చాలని మనుషుల డాక్టర్లూ అంటున్నారని తేలాక, మరుసటేడు తొట్టిని బండి మీద వేసుకుని తనంతట తనే వచ్చి ముగింపు గీత పక్కన దింపింది. పందెం కమిటీ వాళ్లు "ఇదేంటి?" అంటే "స్నానాలతొట్టి" అంది.

ఆ ఏడే మాంసం కొట్టు మింగో అందులో తేలాడు. మామూలుగా ముప్ఫై ఏడు డిగ్రీలుండాల్సిన ఒళ్లు నలభై ఒకటిన్నర. పావుగంటలో తేరుకుని, తనని తడిపింది ఎవరంటూ బూతులు లంకించుకున్నాడు. బతికాడని ఊరంతా సంబరపడింది. సోమవారం పొద్దున్న కొట్టు తెరుస్తుంటే ఎదురుగా అరుగు మీదనుంచి ఎవడో గుర్రంలా సకిలించాడు. అంతే. ఆనాటినుంచీ ఆ గుడారంలో థర్మామీటరు పెట్టించుకున్న ప్రతివాడికీ ఏడాది పొడుగునా ఇదే పలకరింపు. పెళ్లిలోనూ, బ్యాంకు వరసలోనూ, ఆఖరికి చర్చిలో ఫాదరు ప్రసంగం మధ్యలోనూ.

దాంతో మోన్సెకి కొత్త తలనొప్పి పట్టుకుంది. కళ్లు తిరుగుతున్నవాళ్లు సైతం గుడారం ముందుకొచ్చేసరికి సిపాయిల్లా నిటారుగా నడిచి, పది అడుగులు దాటి చర్చి వెనక్కి వెళ్లి పడిపోయేవాళ్లు. అందుకని చర్చి వెనక ఆడపడుచు చాబెలాని కాపలా పెట్టింది. చాబెలాది మంచి కండ పుష్టి. ఇద్దరు మగవాళ్లని చెరో చంకలో పట్టుకురాగలదు.

*

ఈ సంవత్సరం పందెం పొద్దున్న, ప్రార్థన అయి జనం చర్చి మెట్లు దిగుతుంటే తేయో ఎదురొచ్చాడు.

తేయో అంటే ఎలెవుతేరియో బొనీయా, రొట్టెల బండివాడు. నలభై ఆరేళ్లు, ముందుకొచ్చిన బొజ్జ, తేనెలాంటి నోరు. రోజూ తెల్లవారుతూనే వేడివేడిగా, దూదిలాంటి సొబావో రొట్టెలు వేసుకుని నూట నలభై గుమ్మాల ముందు ఆగి, ప్రతి గుమ్మంలోనూ మోకాలి నొప్పులూ కోడళ్ల మీద ఫిర్యాదులూ విని, అవునవునని కదిలేవాడు. పందెంలో ప్రతి ఏడూ పరిగెత్తేవాడు. ప్రతి ఏడూ ఆఖరు.

"మోన్సె అక్కా, అందరి ముందూ నాకు మాటివ్వు," అన్నాడు. "నేను పడ్డా, లేచినా, చచ్చినా నీ పుల్ల నా దగ్గరికి రాకూడదు."

"చచ్చాక దాంతో పనుండదులే."

"నవ్వులాట కాదే తల్లీ. మింగో అయితే కొట్లో కూచునేవాడు, వాడి దగ్గరికొచ్చినవాడే సకిలిస్తాడు. నేను నా కాళ్లతో నూట నలభై గుమ్మాలకి వెళ్లాలి! గుమ్మానికొక సకిలింపు వింటూ రొట్టె ఎలా ఇమ్మంటావు?"

చుట్టూ జనం అప్పుడే గొంతులు సవరించుకుంటున్నారు. తేయో మొహంలో నిజంగానే దిగులు కనిపించింది మోన్సెకి. జాలేసింది.

"సరే, మాటిస్తున్నా. ఇవాళ ఏ వారమో నువ్వు సరిగ్గా చెప్పగలిగినంతసేపూ నీ జోలికి రాను. నీ మీద ఈగ వాలినా నాకనవసరం. చెప్పలేకపోయావో..."

"ఆదివారం!" అన్నాడు తేయో ఛాతీ విరుచుకుని. "ఆదివారం, ఆదివారం, ఆదివారం!"

"ఇప్పుడు కాదురా నాయనా. వచ్చాక."

తేయో తల్లి దోన్యా పోలా చేతికర్ర ఆనించుకుని అంతా వింటోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. "వీడికి వారాలు నేర్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది మోన్సె. ఇక చచ్చినా మరిచిపోడు. నువ్వు తేలిగ్గా వదిలేశావు," అంది.

*

మధ్యాహ్నం రెండింటికి తుపాకి పేలింది. పరుగు ఊరు చుట్టూ తిరిగి, ఏడు కొండ మలుపులెక్కి, కిందికి దిగి మళ్లీ చర్చి దగ్గరికి. దారి పొడుగునా ప్రతి ఇంటి ముందూ ఒక బల్ల, బల్ల మీద వరసగా కప్పులు. నీళ్లు, కొబ్బరినీళ్లు, నిమ్మనీళ్లు, ఇంటికి తగ్గట్టు. ఆ రోజు పరిగెత్తేవాడు తమ కప్పు అందుకుంటే ఏడాదంతా ఇంటికి మంచిదని వాళ్ల నమ్మకం. అందుకోకుండా పోతే మాత్రం ఆ ఇంటావిడ మరుసటి ఫిబ్రవరి దాకా ఆ మాట మరిచిపోదు.

ముందొచ్చేవాళ్లు గెలుపు కోసం పరిగెత్తేవాళ్లు. వాళ్లు కప్పులు నెత్తిన పోసుకుని పోతారు. వెనకవాళ్లే ఆగి తాగేది.

నాలుగింటికల్లా గుడారంలో సందడి మొదలైంది. గీత దాటగానే కాళ్లు మడతపడి కూలిన కుర్రాళ్లు అయిదుగురొచ్చారు. పరుగు ఉన్నట్టుండి ఆపితే రక్తమంతా కాళ్లలో నిలిచిపోయి అలా పడతారు. వాళ్లకి థర్మామీటరు అక్కర్లేదు. పేరు చెప్పారు, ఊరు చెప్పారు, మోన్సె చేతిమీది గాజుల రంగు చెప్పారు. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కుర్చీ మీదికెత్తి పెట్టి, పది నిమిషాలయ్యాక చేతికి ఉప్పు బిస్కెట్టిచ్చి పంపేసింది.

ఆరోవాడు హయూయా నుంచి వచ్చిన కుర్రాడు. పోలీసుని చూసి "అత్తా, అన్నం పెట్టు," అన్నాడు. మోన్సె క్షణం ఆలోచించలేదు. తెర లాగింది, కొలిచింది. నలభై ఒకటి పైన నాలుగు పాయింట్లు. అటుపక్క ఉన్న డాక్టరమ్మ ఇవెలీస్ పరుగున వచ్చింది. ఆస్పత్రిలో అత్యవసర వార్డు చూసే చిన్నపిల్ల, పందెం రోజు సెలవు పెట్టి మరీ వస్తుంది. నలుగురు కలిసి కుర్రాణ్ణి తొట్టిలో మెడ దాకా దించారు. చాబెలా చంకల కింద గుడ్డ వేసి పట్టుకుంది, మోన్సె ఐసునీళ్లు చేత్తో కలుపుతూ కూచుంది. పదిహేను నిమిషాలకి కుర్రాడు కళ్లు పెద్దవి చేసి, "చలి! చలి! ఎవరే మీరంతా?" అని కేకపెట్టాడు. గుడారం బయట జనం చప్పట్లు కొట్టారు. ఆనవాయితీ ప్రకారం సకిలింపులు కూడా వినిపించాయి.

"పరాయి ఊరివాణ్ణి వదిలెయ్యండర్రా, ఇంకా పెళ్లి కాలేదు వాడికి," అంది మోన్సె.

*

అయిదున్నర అవుతుండగా మలుపు తిరిగి తేయో కనిపించాడు. ఎర్రచొక్కా, ఊగుతున్న బొజ్జ. జనం ఈలలేశారు. రోజూ చూసే నవ్వే మొహంమీద ఉంది గానీ, అది ఎవరిని చూసి నవ్వుతున్నదో తెలియడం లేదు. గీత దాటాడు. ఇంకా రెండడుగులు వేశాడు. జెండా కర్రని కావలించుకుని తెల్లటి నీళ్లు వాంతి చేసుకుని, మెల్లగా ఆ కర్ర వెంబడే కిందికి జారి కూచుండిపోయాడు.

మోన్సె దగ్గరికెళ్లి వంగింది. ఆవిడ నోరు తెరవకముందే అన్నాడు.

"ఆదివారం."

జనం ఘొల్లుమన్నారు. చాబెలా కూడా నవ్వేసింది. "చెప్పాడుగా వదినా! వదిలెయ్ పాపం. తిండి ఎక్కువై ఉంటుంది."

మోన్సె కూడా ఒక్క క్షణం నిటారుగా లేచింది. మాట మాటే కదా. ఆ క్షణం తలుచుకుని ఆవిడ ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది. తర్వాత ఎందుకో మళ్లీ వంగింది.

"తేయో, నీ పేరేంటి?"

"ఆదివారం."

"ఇదిగో, ఈవిడెవరు?" అంటూ చేతికర్రతో పరుగున వచ్చిన దోన్యా పోలాని చూపించింది.

తేయో తల్లి మొహంలోకి ఆప్యాయంగా చూశాడు. "ఆదివారం," అన్నాడు. "ఆదివారం మూడు రొట్టెలు."

నవ్వు కోసినట్టు ఆగిపోయింది. పన్నెండో కిలోమీటరు నుంచీ ఆ ఒక్క మాటనే జపంలా పట్టుకుని వచ్చాడని తర్వాత కదా తెలిసింది. దారిలో చాలా ఇళ్లవాళ్లు విన్నారట. సరదాకి అంటున్నాడనుకున్నారట. బుర్రలో దీపాలన్నీ ఒక్కొక్కటిగా ఆరిపోతున్నా, ఆ ఒక్కదాన్ని మాత్రం అరచెయ్యి అడ్డంపెట్టి తెచ్చుకున్నాడు, గుడారం తప్పించుకోవాలని.

"తొట్టిలో వెయ్యండి!" ఎవరో అరిచారు. "ఎండదెబ్బ! మూడున్నర గంటలు ఎండలో ఉన్నాడు!"

"సెలైన్ ఎక్కించండి!" ఇంకొకరు.

మింగో ముందుకొచ్చి తేయో కాళ్లు పట్టుకున్నాడు. నలుగురు కలిసి గుడారంలోకి మోసుకొచ్చి, తిన్నగా తొట్టి అంచుదాకా తీసుకెళ్లారు. నిజం చెప్పాలంటే మోన్సె మనసు కూడా అప్పటికే తొట్టిలో ఉంది. తల ఎటు పెట్టాలి, ఐసు సరిపోతుందా అని లెక్కేసుకుంటోంది. అయినా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. కొలవకుండా నా తొట్టిలోకి గుర్రాన్నే దించలేదు నేను."

"ఎందుకక్కా ఇంకా కొలవడం? కనిపిస్తోందిగా!"

"మింగో, కాళ్లు దించు."

అప్పుడు తేయోకి, అంత మైకంలోనూ, ఎక్కడున్నాడో తెలిసింది కాబోలు. రెండు చేతులతో నిక్కరు గట్టిగా పట్టుకున్నాడు. "ఆదివారం! ఆదివారం!" అని ఏడుపు గొంతుతో గింజుకున్నాడు. మాటిచ్చిన మనిషి మోన్సె. గుడారం చుట్టూ ఊరంతా ఉంది. ఆవిడ దోన్యా పోలా వంక చూసింది.

"ఏం చూస్తావు నా వంక?" అంది ముసలావిడ. "నేను కడిగి పెంచిన ఒళ్లది. నువ్వు కానియ్." అని, గుడారం గుమ్మానికి అడ్డంగా జనం వైపు తిరిగి నిలబడి చేతికర్ర ఎత్తింది. "ఇటు చూసినవాడి కళ్లు తీసి కోళ్లకేస్తా. ఒక్క సకిలింపు వినబడిందా, ఆ నోట్లో ఈ కర్ర ఉంటుంది."

ఎవరూ చూడలేదు. ముందు వరసవాళ్లు వీపులు తిప్పేశారు.

మోన్సె థర్మామీటరు తీసి వెలుతురుకి పట్టింది. ముప్ఫై ఏడు పైన ఆరు.

నమ్మకం కుదరక, తుడిచి, పెట్టెలోంచి రెండోది తీసి మళ్లీ కొలిచింది. ముప్ఫై ఏడు పైన ఆరే. అంటే ఒళ్లు కాలడం లేదు. మూడున్నర గంటలు కొండలెక్కి దిగినవాడికి అది మామూలు వేడి. ఎండదెబ్బ కాదు. అయితే మరేంటి? పదేళ్లుగా ఆ గుడారంలో ఆవిడకి తెలిసినవి రెండే రకాలు: కాళ్లెత్తి పెడితే లేచేవాళ్లు, చల్లార్చితే లేచేవాళ్లు. ఇతను రెండూ కాదు. కాళ్లెత్తితే వాంతి, తొట్టిలో వేస్తే అనవసరంగా చలి, ఈలోపు లోపల ఏదో ముంచుకొస్తోంది.

గుర్రం నోరు తెరిచి చెప్పదు. చేతులతో చూసుకోవాలి. మోన్సె తేయో చెయ్యి పట్టుకుంది. వేళ్లు అరటిపళ్లలా ఉబ్బాయి. తండ్రి తాలూకు ఉంగరం చర్మంలోకి దిగిపోయింది. గడియారం పట్టీ మణికట్టుని కోస్తోంది. పొట్ట మీద అరచెయ్యి వేసి చిన్నగా కదిపితే, నిండుకుండ మోస్తున్నప్పటి చప్పుడు. అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో పెన్సిలు గీత గీసుకుని చదివింది, కళ్లతో ఎన్నడూ చూడలేదు.

లేచి గుమ్మంలోకి వచ్చి అడిగింది. "వీడు మీ ఇళ్ల దగ్గర ఎన్ని కప్పులు తాగాడు?"

తమ పేరు ముందుగా వినిపించాలని పోటీ పడ్డారు జనం.

"మా ఇంట్లో రెండు. కొబ్బరినీళ్లు!"

"మా దగ్గర మూడు. వద్దు వద్దంటూనే తాగాడు, బంగారం."

"మా అమ్మ కప్పు, మా అత్త కప్పు, రెండూ. లేకపోతే ఇంట్లో యుద్ధమే."

"మాకు పెద్ద గ్లాసు. అడుగు దాకా. వాడు మర్యాదస్తుడు."

ఇలా పదీ పదిహేను ఇళ్లయ్యేసరికి గొంతుల్లో గర్వం కాస్తా తగ్గుతూ వచ్చింది. ఇంకా చెప్పాల్సినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒకావిడ చేతిలోని కప్పుని మెల్లగా వెనక్కి దాచుకుంది.

"డాక్టరమ్మా!" అంది మోన్సె. "నీళ్లు. వీణ్ణి మనమే నీళ్లతో నింపేశాం. రక్తంలో ఉప్పు పలచబడి ఉంటుంది."

ఇవెలీస్ అప్పటికే చేతిపెట్టె తెరుస్తోంది. వేలి నుంచి కాదు, నరంలోంచి రక్తం తీసి, అరచేతిలో పట్టే చిన్న యంత్రంలో వేసింది. రెండు నిమిషాలు. నూట ముప్ఫై అయిదుకి తగ్గకూడని ఉప్పు నూట ఇరవై ఒకటి దగ్గరుంది.

"మామూలు సెలైన్ వద్దు," అంది అంబులెన్సు వాళ్లతో. "చిక్కటి ఉప్పునీళ్లు, ఆ చిన్న సీసా. ఇక చుక్క మంచినీళ్లు ఎవరూ పట్టకూడదు. మెదడు ఉబ్బుతోంది ఇతనికి."

ఆ మాటలేవీ దోన్యా పోలా వినలేదు. ఆవిడ లోపలికొచ్చి కూజా ఎత్తింది. "పెదాలు చూడు, ఎండిపోయాయి. ఒక్క గుక్క, అమ్మ చేతి గుక్క..."

మోన్సె ఆ కూజా పట్టుకుంది. ఆ ఊళ్లో నీళ్లిస్తున్న చేతిని ఆపడమంటే ముఖం మీద కొట్టడమే. అదీ ఒక తల్లి చెయ్యి. ఇద్దరూ కూజాని చెరో పక్కకి లాగారు.

"పిన్నీ, నీ కొడుకు నాకు బతికి కావాలి," అంది మోన్సె. "ఈ ఒక్కపూట నీళ్లే వాడికి విషం. నన్ను తిట్టుకో, కానీ ఇవ్వకు."

ముసలావిడ వేళ్లు వదులయ్యాయి. తిట్టలేదు. నేల మీద కూలబడి కొడుకు పాదం ఒళ్లో పెట్టుకుంది.

చిన్న సీసా ఖాళీ అయింది. ఏమీ కాలేదు. డాక్టరమ్మ ఇంకొకటి ఎక్కించింది. బయట మూడొందల మంది ఉన్నా, చర్చి గోడ మీద పావురం రెక్కలు దులుపుకున్న చప్పుడు వినిపించింది. మోన్సె తేయో మణికట్టు పట్టుకుని కూచుంది. ఏళ్లూ పూళ్లూ చల్లార్చడం నేర్చుకున్న చేతులకి ఇప్పుడు చెయ్యడానికి పనేం లేదు, కూచోవడం తప్ప.

ఇరవై నిమిషాలకి తేయో కనుబొమలు ముడిపడ్డాయి. కళ్లు అటూ ఇటూ తిరిగి కాళ్ల దగ్గర ఆగాయి.

"అమ్మా," అన్నాడు, "నేల మీద కూచున్నావేంటే? నీ మోకాళ్లు?"

దోన్యా పోలా అప్పుడు తిట్టింది. పావుగంట సేపు, ఊపిరి తీసుకోకుండా, కొడుకునీ, వాడి నాన్న వంశాన్నీ, కప్పులిచ్చిన ఇళ్లన్నిటినీ వరసపెట్టి. అంబులెన్సు తలుపు వేశాక కూడా లోపలినుంచి వినిపిస్తూనే ఉంది. మోన్సె తొట్టి అంచు మీద కూచుని చాబెలా తెచ్చిచ్చిన వేడి చేపబజ్జీలు అయిదు తినేసింది. ఆరోది చేతిలో ఉండగా ఏడ్చింది. చాబెలా చూసి, అటు తిరిగి ఐసు పారబోసింది.

*

ఆస్పత్రిలో తేయో రెండు రోజులున్నాడు. మొదటి రాత్రి బాత్రూముకి ఎన్నిసార్లు వెళ్లాడో పక్క మంచం పేషెంటు ఊరికొచ్చి మరీ చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం, రొట్టెలు పంచడమయ్యాక, తేయో దోన్ క్రిస్పీన్ గుర్రాలశాల ముందు బండి ఆపాడు. మోన్సె గడ్డి దులుపుతోంది.

"నువ్వు మాట తప్పావు," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఏ మాట?"

"ఆదివారం అన్నాను కదా! వెయ్యిసార్లు అన్నానట!"

"మీ అమ్మని కూడా ఆదివారమే అన్నావు. మీ అమ్మకి మూడు రొట్టెలు అమ్మబోయావు."

తేయో గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "మూడు కాదు. మా అమ్మ రెండే తీసుకుంటుంది," అన్నాడు. తర్వాత గడ్డిమోపు మీద కూచున్నాడు. "అక్కా, ఇవాళ ఏమైందో తెలుసా? నూట నలభై ఇళ్లు. చెవులు గట్టిగా చేసుకుని బయల్దేరాను. ఒక్కరు, ఒక్కరు సకిలించలేదు. అందరూ గుమ్మంలో నిలబడి ఏడుపులు! 'నా కప్పే నిన్ను ముంచింది తేయో' అని ఒకావిడ. 'కాదు, నాది' అని ఎదురింటావిడ. ఇద్దరికీ తగువు! ఒక్కో ఇంటి దగ్గరా ఓదార్చి ఓదార్చి, రొట్టెలన్నీ చల్లారిపోయాయి. ఇంతకంటే సకిలింపులే నయం."

మోన్సె నవ్వు ఆపుకోలేక గడ్డి ఎత్తే పంగలకర్ర కింద పెట్టేసింది.

"నవ్వు. వచ్చే ఏడు నేనేం చెయ్యాలో చెప్పి నవ్వు."

"దాహమేస్తే తాగు. దాహం లేకపోతే వద్దను."

"వద్దనడమా!" ఆ మాటకే తేయో బెదిరిపోయాడు. "రోజూ గుమ్మం ఎక్కే ఇంట్లో నీళ్లు వద్దనాలా? ఏమని వద్దంటారు? అసలు ఆ మాట ఎలా మొదలుపెడతారు?"

"అమ్మా, వద్దు. అంతే."

తేయో పెదాలతో దాన్ని మెల్లగా అని చూసుకున్నాడు. నోటికి పట్టుబడలేదు.

అంతలో లోపలి నుంచి దోన్ క్రిస్పీన్ కేకేశాడు, గోధుమరంగు ఆడగుర్రం పొద్దుట్నుంచీ మేత ముట్టడం లేదు, వచ్చి చూడమని. సాయం పట్టే మనిషి ఆ రోజు సెలవు. మోన్సె జేబు తడుముకుంటూ తేయో వంక చూసింది.

"లే. ఊరికే కూచున్నావు కదా. తోక పట్టుకుందువుగాని రా."

"నేనా?"

"పక్కకి నిలబడు, వెనకాల కాదు. తన్నుతుంది. ఆఁ, అలా. గట్టిగా పట్టుకుని పక్కకి లాగు. మాట్లాడుతూ ఉండు దాంతో, బెదరకుండా."

తేయో తోక పట్టుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక, పొద్దున పంచిన ఇళ్ల పేర్లు ఒక్కొక్కటీ మెత్తగా చెప్పుకుంటూ పోయాడు. మోన్సె థర్మామీటరు తుడిచి ముందుకి వంగేసరికి, ఆ గుర్రం పట్ల మర్యాదగా, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.